హాట్ రాడ్ కారుకు హ్యాండ్ బ్రేక్: వెనుక యాక్సిల్‌కు ఏది బిగించాలి, ఎలా బిగించాలి

పాత కారు బాడీ, దానిలో పెద్ద ఇంజిన్, వెనుక వెడల్పాటి టైర్లు. అమెరికాలో హాట్ రాడ్ అని పిలిచే ఈ కార్ల మీద యజమానులు ఏళ్ల తరబడి పని చేస్తారు. పెయింట్, సీట్లు, సైలెన్సర్ అన్నీ పూర్తవుతాయి. హ్యాండ్ బ్రేక్ మాత్రం "తర్వాత చూద్దాం" అనే జాబితాలో మిగిలిపోతుంది. గేర్ బాక్స్‌లో 'పి' ఉంది కదా, కారు ఆగుతుందిలే అనే ధీమా దీనికి కారణం.

ఇంటి ముందు వాలుగా ఉండే దారిలో కారు నిలుపుతారు. దాని వెనుకే పిల్లలు సైకిల్ తొక్కుతుంటారు. డ్రైవర్ లేని సమయంలో కారు కదిలితే ఆపేవాళ్లు ఎవరూ ఉండరు. అందుకే హ్యాండ్ బ్రేక్‌ను అలంకార సామాను కింద లెక్క వేయకూడదు. అమెరికాలో ఉంటూ ఇంటి గ్యారేజీలో పాత కారు సిద్ధం చేసుకునే మన కుర్రాళ్లకూ, ఇక్కడ పాత జీపులకు డిస్క్ బ్రేకులు పెట్టించుకునేవారికీ ఈ విషయం ఒకేలా వర్తిస్తుంది.

హాట్ రాడ్ అంటే ఏమిటి?

1930లలో దక్షిణ కాలిఫోర్నియా యువకులు చవకగా దొరికే పాత ఫోర్డ్ కార్లను కొని, బరువు తగ్గించి, ఇంజిన్ బలం పెంచి, మ్యూరాక్ లాంటి ఎండిపోయిన సరస్సు మైదానాల్లో పరిగెత్తించేవారు. ఈ పందేలను క్రమబద్ధం చేయడానికి 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ సరదా దేశమంతా పాకింది. 1932 మోడల్ ఫోర్డ్ ఇప్పటికీ ఈ రంగంలో అందరికీ ఇష్టమైన కారు. ఫోర్డ్ తన చవకైన వి8 ఇంజిన్‌ను తెచ్చింది ఆ ఏడాదే.

హ్యాండ్ బ్రేక్ ఎక్కడ పోయింది?

1938 దాకా ఫోర్డ్ కార్లకు మెకానికల్ బ్రేకులే ఉండేవి. పెడల్ నుంచి చక్రం దాకా కడ్డీలు లేదా కేబుళ్లే లాగేవి. 1939 మోడల్‌తో ఫోర్డ్ హైడ్రాలిక్ బ్రేకులకు, అంటే బ్రేక్ ఆయిల్ ఒత్తిడితో పనిచేసే బ్రేకులకు మారింది. హాట్ రాడ్ కట్టేవారు పాత యాక్సిల్‌ను తీసేసి, పెద్ద ఇంజిన్ బలాన్ని తట్టుకునే కొత్త యాక్సిల్‌ను పెడతారు. 1957లో వచ్చిన ఫోర్డ్ 9 అంగుళాల యాక్సిల్ ఇందులో బాగా పేరున్నది. పాత యాక్సిల్‌తో పాటే దాని హ్యాండ్ బ్రేక్ కడ్డీలు కూడా పోతాయి.

రెండో కారణం డిస్క్ బ్రేకులు. వెనుక డ్రమ్ములు తీసేసి డిస్క్ కిట్ పెట్టేటప్పుడు చవకైన కిట్లలో ఉండేది మామూలు క్యాలిపర్ మాత్రమే. పెడల్ తొక్కితే కారు చక్కగా ఆగుతుంది. కానీ కేబుల్ తగిలించడానికి ఆ క్యాలిపర్‌కు లివరే ఉండదు. కిట్ కొనే రోజే "దీనికి హ్యాండ్ బ్రేక్ ఉందా?" అని అడిగితే తర్వాత రెండోసారి ఖర్చు పెట్టే పని తప్పుతుంది.

మూడో కారణం స్థలం. హాట్ రాడ్ లోపల ఇరుకు. పెద్ద గేర్ బాక్స్, దాని మీద ఉబ్బెత్తు రేకు, కింద సైలెన్సర్ గొట్టాలు. లివర్ ఎక్కడ పెట్టాలో, కేబుల్ ఎటు నుంచి తీసుకెళ్లాలో ముందే అనుకోకపోతే చివర్లో చోటు మిగలదు.

'పి'లో పెడితే చాలదా?

ఆటోమేటిక్ గేర్ బాక్స్‌లో 'పి' వేసినప్పుడు లోపల ఒక చిన్న ఇనుప కొక్కెం పళ్ల చక్రంలో పడి బయటికి వెళ్లే షాఫ్ట్‌ను పట్టుకుంటుంది. కారు బరువంతా ఆ చిన్న ముక్క మీదే ఆనుతుంది. హాట్ రాడ్‌లో గేర్ లివర్, దాని కడ్డీలు కూడా మార్చినవే కావడంతో సర్దుబాటు సరిగా లేకపోతే లివర్ 'పి' దగ్గర కనిపిస్తుంది, లోపల కొక్కెం పూర్తిగా పడదు. వెనుక నుంచి ఇంకో వాహనం తగిలినా కొక్కెం విరగొచ్చు, జారొచ్చు.

మాన్యువల్ గేర్ ఉన్న కారును గేరులో వేసి వదిలితే దాన్ని ఇంజిన్ కంప్రెషన్ ఆపుతుంది. అది కొంతసేపటికి మెల్లగా వదిలేయగలదు. పైగా ఈ రెండు పద్ధతుల్లోనూ పట్టు గేర్ బాక్స్ దగ్గరే ఉంది. మధ్యలో డ్రైవ్ షాఫ్ట్, డిఫరెన్షియల్, యాక్సిల్ షాఫ్టులు ఉన్నాయి. మామూలు డిఫరెన్షియల్ అయితే ఒక వెనుక చక్రాన్ని జాకీతో లేపగానే ఆ చక్రం గాలిలో తిరుగుతుంది, రెండోది నేల మీద దొర్లుతుంది, కారు జాకీ మీద నుంచి పడిపోవచ్చు.

కొందరు లైన్ లాక్ అనే వాల్వ్ పెట్టి దానినే హ్యాండ్ బ్రేక్‌గా వాడతారు. పెడల్ తొక్కి, ఆ ఒత్తిడిని గొట్టంలోనే బంధించే పరికరం ఇది. డ్రాగ్ రేసుల్లో బయలుదేరే ముందు వెనుక టైర్లు వేడెక్కించుకోవడానికి ముందు బ్రేకులను కొద్ది క్షణాలు పట్టి ఉంచడమే దాని పని. రాత్రంతా నిలిపి ఉంచడానికి అది పనికిరాదు. ఒక రబ్బరు సీల్ కాస్త కారినా, చలికి ఆయిల్ కుంచించుకుపోయినా ఒత్తిడి పడిపోతుంది. కారు కదిలేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియదు.

అందుకే మంచి హ్యాండ్ బ్రేక్‌కు రెండు లక్షణాలు కావాలి. బ్రేక్ ఆయిల్‌తో సంబంధం ఉండకూడదు. ఒకసారి వేశాక పట్టు ఇనుముతోనే, అంటే పంటి చక్రం, కేబుల్, లివర్ లాంటి వాటితోనే నిలవాలి.

ఎంత బలం కావాలి? చిన్న లెక్క

1200 కిలోల కారు 20 శాతం వాలు మీద ఉందనుకుందాం. అంటే 100 అడుగులు ముందుకు పోతే 20 అడుగులు ఎత్తు పెరిగే దారి. కారును కిందికి లాగే బలం సుమారు 235 కిలోలు. రెండు వెనుక చక్రాలు పంచుకుంటే ఒక్కోదాని మీద 118 కిలోలు.

టైర్ సగం ఎత్తు 33 సెంటీమీటర్లు, డిస్క్ మీద ప్యాడ్ పట్టే చోటు మధ్య నుంచి 12 సెంటీమీటర్ల దూరం అనుకుంటే, డిస్క్ దగ్గర కావాల్సిన రాపిడి బలం 118ను 33తో గుణించి 12తో భాగిస్తే వస్తుంది. అది సుమారు 325 కిలోలు. ప్యాడ్ రాపిడి గుణకం 0.35 అనుకుని, రెండు వైపులా ప్యాడ్లు ఉన్నాయి కాబట్టి, క్యాలిపర్ నొక్కాల్సిన బలం ఒక్కో చక్రానికి దాదాపు 460 కిలోలు అవుతుంది.

మనిషి చేత్తో 40 కిలోల బలంతో లాగాడనుకుందాం. రెండు చక్రాలకు పంచితే చెరి 20. ఆ 20ని 460 చేయాలంటే 23 రెట్లు పెంచాలి. లోపలి లివర్ దగ్గర 6 రెట్లు, చక్రం దగ్గర 4 రెట్లు పెరిగితే 24 వస్తుంది, అంతంతమాత్రంగా సరిపోతుంది. కేబుల్ వంపుల్లో పోయే బలం ఇంకా తీసేయలేదు. చూడ్డానికి బాగుందని పొట్టి లివర్ కొని బిగిస్తే కారు ఎందుకు జారుతుందో ఈ లెక్కతోనే తెలుస్తుంది.

వెనుక యాక్సిల్‌కు ఉన్న దారులు

1. డ్రమ్ములనే ఉంచుకోవడం. నిలిపి ఉంచే పనికి డ్రమ్ బ్రేక్ చాలా మంచిది. చక్రం తిరగబోయినప్పుడు అదే షూను ఇంకా గట్టిగా లోపలికి లాక్కుంటుంది. చేతి బలం తక్కువైనా పట్టు ఎక్కువ. పాత కార్ల యార్డులో కొన్న యాక్సిల్‌లో హ్యాండ్ బ్రేక్ లివర్, రెండు షూల మధ్య ఉండే అడ్డ పట్టీ, స్ప్రింగ్ లాంటివి పోయి ఉండొచ్చు. వాటిని వెతికి పెట్టి కేబుల్ తగిలిస్తే పని అయిపోతుంది. తక్కువ ఖర్చులో నమ్మకమైన దారి ఇదే.

2. డిస్క్ లోపల చిన్న డ్రమ్. డిస్క్ మధ్యలో టోపీలా ఉబ్బిన భాగం లోపల చిన్న బ్రేక్ షూలు ఉంటాయి. నడిచేటప్పుడు డిస్క్ పని చేస్తుంది, నిలిపినప్పుడు షూలు పట్టుకుంటాయి. 1995 నుంచి ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ 8.8 అంగుళాల యాక్సిల్‌కు కంపెనీ నుంచే ఈ అమరిక వచ్చింది. హాట్ రాడ్ కట్టేవారు ఆ యాక్సిల్‌ను వెతుక్కోవడానికి ఇది పెద్ద కారణం. దాని రెండు వైపుల గొట్టాలు ఒకే పొడవు ఉండవు కాబట్టి సన్నటి ఛాసిస్‌లో పెట్టేటప్పుడు ఒక వైపు కోయించాల్సి రావొచ్చు. విల్‌వుడ్ లాంటి కంపెనీలు 9 అంగుళాల యాక్సిల్‌కూ ఇలాంటి కిట్లు అమ్ముతున్నాయి. డిస్క్ కావాలి, హ్యాండ్ బ్రేక్ కూడా గట్టిగా ఉండాలి అనుకునేవారికి ఇది సరైన ఎంపిక.

3. హ్యాండ్ బ్రేక్ కలిసి ఉన్న క్యాలిపర్. ఇందులో లివర్ లాగితే లోపల ఒక స్క్రూ తిరిగి పిస్టన్‌ను ప్యాడ్ మీదకు నెడుతుంది. 1970ల చివరి క్యాడిలాక్ ఎల్డొరాడో వెనుక క్యాలిపర్లను ఈ పనికి చాలామంది వాడారు. దీనిలో ఒక మెలిక ఉంది. ప్యాడ్ అరిగే కొద్దీ పిస్టన్ ముందుకు సర్దుకోవాలంటే హ్యాండ్ బ్రేక్ తరచూ వేస్తూ ఉండాలి. వాడకుండా వదిలేస్తే సందు పెరిగి, కాలి పెడల్ కూడా లోతుకు పోతుంది. రోజూ హ్యాండ్ బ్రేక్ వేసే అలవాటు ఉన్నవారికే ఇది నప్పుతుంది.

4. విడిగా మెకానికల్ క్యాలిపర్. ఆయిల్ లేకుండా కేబుల్‌తోనే పనిచేసే చిన్న క్యాలిపర్‌ను అదే డిస్క్ మీద రెండోదిగా బిగిస్తారు. ఉన్న డిస్క్ కిట్‌ను మార్చక్కర్లేదు. కానీ దాని ప్యాడ్ చిన్నది, పట్టు కూడా ఆ మేరకే. బ్రాకెట్ పలుచటి రేకుతో చేస్తే లాగినప్పుడు వంగుతుంది. కారు బరువుకు సరిపోతుందో లేదో పైన చెప్పిన లెక్కతో చూసుకోవాలి.

5. డ్రైవ్ షాఫ్ట్ బ్రేక్. డిఫరెన్షియల్ ముందు షాఫ్ట్ దగ్గర ఒక డిస్క్, ఒక క్యాలిపర్ పెడతారు. డిఫరెన్షియల్ గేర్ నిష్పత్తి బలాన్ని రెట్టింపు కంటే ఎక్కువ చేస్తుంది కాబట్టి చిన్న బ్రేకే పెద్ద పట్టు ఇస్తుంది. లోపం 'పి'కి ఉన్నదే. ఒక చక్రం లేపితే, లేదా యాక్సిల్ షాఫ్ట్ విరిగితే పట్టు పోతుంది. ఇక వేరే దారి లేనప్పుడే దీని వైపు చూడాలి.

లివర్‌కు చోటు లేనివారికి ఈ-స్టాప్ లాంటి ఎలక్ట్రిక్ మోటార్లు ఉన్నాయి. బటన్ నొక్కితే మోటార్ కేబుల్‌ను లాగుతుంది. చక్రం దగ్గర పైన చెప్పిన వాటిలో ఏదో ఒకటి ఉండాల్సిందే. బటన్ వచ్చింది కదా అని చక్రం దగ్గర బ్రేక్ రాదు.

కేబుల్, లివర్: పని చెడేది ఇక్కడే

చక్రం దగ్గర మంచి సామాను పెట్టి, కేబుల్ దగ్గర అశ్రద్ధ చేసి బలం పోగొట్టుకునేవారు ఎక్కువ. లోకార్ లాంటి కంపెనీలు కావాల్సిన పొడవుకు కోసుకునే కేబుళ్లు, నేల మీద బిగించే లివర్లు అమ్ముతాయి. ఏది కొన్నా ఈ జాగ్రత్తలు తప్పనిసరి.

కేబుల్ పైతొడుగు రెండు చివర్లా కదలకుండా బిగించి ఉండాలి. తొడుగు కదిలితే లాగిన బలం తొడుగును వంచడానికే పోతుంది, లోపలి తీగ కదలదు. వంపులు వెడల్పుగా ఉండాలి. సైలెన్సర్ గొట్టానికి దూరంగా పోవాలి, లేకపోతే తొడుగులోని ప్లాస్టిక్ కరిగి తీగ పట్టేస్తుంది. స్ప్రింగుల మీద యాక్సిల్ పైకీ కిందికీ ఆడినప్పుడు కేబుల్ బిగుసుకోకూడదు, టైర్‌కు తగలకూడదు.

రెండు చక్రాలకూ సమానంగా బలం పంచడానికి మధ్యలో ఈక్వలైజర్ అనే ముక్క ఉంటుంది. త్రాసు కాడలా రెండు వైపులా ఊగగలగాలి. దానిని వెల్డింగ్ చేసి కదలకుండా చేస్తే ఒక చక్రమే పట్టుకుంటుంది. లివర్‌ను పలుచటి నేల రేకుకు బిగించకూడదు. కింద మందమైన పట్టీ వెల్డింగ్ చేసి, లేదా ఛాసిస్‌కు కలిపి బిగించాలి.

పని వరుస

కారు చదునైన నేల మీద ఉండాలి. ముందు చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మలు పెట్టాలి. జాకీతో లేపాక యాక్సిల్ కింద స్టాండ్లు పెట్టాలి. ఒక్క జాకీని నమ్మి కారు కిందికి పోకూడదు.

ముందుగా యాక్సిల్ ఏదో ఖాయం చేసుకోవాలి. 9 అంగుళాల యాక్సిల్ చివర ఫ్లాంజ్‌లు కొన్ని రకాలున్నాయి. బోల్టుల మధ్య దూరం, బేరింగ్ బయటి కొలత, ఫ్లాంజ్ నుంచి చక్రం ఆనే ముఖం దాకా దూరం కొలిచి రాసుకుని ఆ తర్వాతే కిట్ కొనాలి. చక్రం రిమ్ లోపల క్యాలిపర్ పడుతుందా అన్నది కూడా అప్పుడే చూసుకోవాలి.

బ్రాకెట్లు, షూలు లేదా క్యాలిపర్లు బిగించాక మొదట కాలి బ్రేక్ సర్దాలి. గాలి తీయాలి, షూ సందు సరిచేయాలి. ఆ తర్వాతే కేబుల్ జోలికి వెళ్లాలి. ఈ వరుస తిరగబడితే, అంటే షూ సందు ఎక్కువగా ఉండగానే కేబుల్ బిగించి సరిపెడితే, లివర్ గట్టిగా అనిపిస్తుంది కానీ చక్రం దగ్గర పట్టు ఉండదు. లివర్ వదిలినప్పుడు కేబుల్ కొద్దిగా వదులుగా ఉండాలి, చక్రం చేత్తో తిప్పితే హాయిగా తిరగాలి. ఎప్పుడూ రాసుకుంటూ ఉంటే డ్రమ్ వేడెక్కి, షూ మాడిపోతుంది.

హ్యాండ్ బ్రేక్ వేసి ఉందని చెప్పే ఎర్ర లైటు ఒకటి పెట్టడం చిన్న పని. బ్రేక్ వేసి ఉండగానే బండి నడిపే పొరపాటు దానితో తప్పుతుంది. ఈ పని మొదటిసారి చేస్తున్నవారు చివరి తనిఖీ అనుభవమున్న బ్రేక్ మెకానిక్‌తో చేయించడం మంచిది.

పరీక్ష ఎలా?

కొత్త షూలు, ప్యాడ్లు డ్రమ్‌కు, డిస్క్‌కు పూర్తిగా ఆనవు. కిట్‌తో ఇచ్చిన సూచనల ప్రకారం ఖాళీ స్థలంలో మెల్లగా నడుపుతూ వాటిని రాపిడికి అలవాటు చేయాలి. తర్వాత మనుషులు లేని చిన్న వాలు మీద కారు ఆపి, చక్రానికి జానెడు దూరంలో దిమ్మ పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి హ్యాండ్ బ్రేక్ మీదే వదలాలి. డ్రైవర్ సీట్లోనే కాలు పెడల్ దగ్గర పెట్టుకుని కూర్చోవాలి. ఒకసారి కారు ముఖం పైకి, ఒకసారి కిందికి పెట్టి చూడాలి. కొన్ని బ్రేకులు ఒక వైపు పట్టినంతగా రెండో వైపు పట్టవు.

అమెరికాలో కొత్త చిన్న వాహనాలకు వర్తించే ఫెడరల్ భద్రతా ప్రమాణం 135 ప్రకారం హ్యాండ్ బ్రేక్ 20 శాతం వాలు మీద రెండు దిశల్లోనూ 5 నిమిషాలు కారును నిలపాలి. చేతి బలం 400 న్యూటన్లు, అంటే సుమారు 40 కిలోలు దాటకూడదు. ఇంట్లో కట్టిన కారుకు కూడా దీనినే కొలబద్దగా పెట్టుకోవచ్చు.

చట్టం ఏమంటుంది?

కాలిఫోర్నియా వాహన చట్టం 26451 సెక్షన్ ప్రకారం పార్కింగ్ బ్రేక్ వాహనం నడిచే ఏ వాలు మీదైనా దానిని నిలపగలగాలి, వేశాక ఆ పట్టు మెకానికల్ పద్ధతిలోనే నిలవాలి. లైన్ లాక్‌ను హ్యాండ్ బ్రేక్‌గా చూపించడం ఈ ఒక్క మాటతోనే కుదరదు. మిగతా రాష్ట్రాల్లో నిబంధనలు వేరుగా ఉంటాయి కాబట్టి ఎవరి రాష్ట్రం సంగతి వారు చూసుకోవాలి.

భారత్‌లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989లోని 96వ నిబంధన కార్ల లాంటి వాహనాలకు కాలి బ్రేక్‌తో పాటు పార్కింగ్ బ్రేక్ ఉండాలంటుంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 126వ సెక్షన్ ప్రకారం డ్రైవింగ్ సీట్లో లైసెన్సు ఉన్న మనిషి లేకుండా వాహనాన్ని బహిరంగ స్థలంలో నిలపాలంటే ఇంజిన్ ఆపి, బ్రేక్ వేసి, లేదా వేరే ఏర్పాటు చేసి అది దానంతట అది కదలకుండా చూడాలి. అదే చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టానుసారం మార్చడాన్ని అడ్డుకుంటుంది. ఈ విషయాన్ని సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇచ్చిన తీర్పులో గట్టిగా చెప్పింది. కాబట్టి ఇక్కడ బండిలో పెద్ద మార్పులు చేసే ముందు ఆర్‌టీఓ కార్యాలయంలో అడగడం తప్పదు.

మన దగ్గరి పాత జీపుల సంగతి

మహీంద్రా మన దేశంలో విల్లీస్ జీపులను తయారు చేసింది. ఆ పాతరకం జీపుల హ్యాండ్ బ్రేక్ చక్రాల దగ్గర ఉండదు. ట్రాన్స్‌ఫర్ కేస్ వెనుక, డ్రైవ్ షాఫ్ట్ మొదట్లో ఒక చిన్న డ్రమ్ ఉంటుంది. పైన చెప్పిన ఐదో రకం ఇదే. ట్రాన్స్‌ఫర్ కేస్ సీల్ కారితే ఆయిల్ నేరుగా ఆ షూల మీద పడి పట్టు పోతుంది. ఒక వెనుక చక్రం లేపితే హ్యాండ్ బ్రేక్ వేసి ఉన్నా జీపు కదలొచ్చు. పంక్చర్ మార్చేటప్పుడు మిగతా చక్రాల కింద రాయో చెక్కో పెట్టే పాత డ్రైవర్ల అలవాటు ఊరికే రాలేదు.

రోజూ వాడేటప్పుడు

కారు ఆపాక కాలు పెడల్ మీదే ఉంచి హ్యాండ్ బ్రేక్ లాగాలి, తర్వాత 'పి' లేదా గేరు వేయాలి, చివరగా కాలు తీయాలి. అప్పుడు బరువు బ్రేక్ మీద ఆనుతుంది, గేర్ బాక్స్ కొక్కెం మీద పడదు. కేబుల్ తుప్పు పట్టకుండా ఉండాలన్నా రోజూ వాడటమే మందు. లివర్ ముందుకంటే ఎక్కువ పైకి వస్తోందంటే షూ అరిగిందనో కేబుల్ సాగిందనో అర్థం. వాలు మీద నిలిపినప్పుడు చక్రం కింద ఒక దిమ్మ పెడితే ఇంకా మంచిది.

తవక్కుల్ గురించి చెప్పేటప్పుడు మన పెద్దలు ముందు ఒంటెను కట్టేయమంటారు. కారు విషయంలో ఆ తాడు పని హ్యాండ్ బ్రేక్‌ది.